ఏ వాద్యం... ఏ చెవికి?

పేరులోనే 'విన'మంటోంది వినగడప. తిరువూరు ప్రాంతంలోని ఆ పల్లెలో విన్నా, హైదరాబాద్‌లో విన్నా ఇయర్‌ఫోన్లలో పాట చేసే గారడీ ఒక్కటే. గాయకుడు సరిగ్గా తల మధ్యలో నిలబడి పాడుతున్నట్టుంటుంది. గిటారు ఎడమచెవి పక్కన, వయొలిన్లు కుడిచెవి పక్కన. ఉన్నవి రెండే స్పీకర్లు... మరి ఇన్ని దిక్కుల నుంచి ధ్వని ఎలా వస్తోంది?

కిటుకు మన బుర్రలోనే ఉంది. కుడివైపు మోగిన శబ్దం కుడిచెవిని కాస్త ముందుగా, కాస్త గట్టిగా తాకుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యోవంతుకన్నా తక్కువే. అయినా మెదడు దిక్కు పట్టేస్తుంది! సౌండ్ ఇంజినీరు చేతిలోని 'ప్యాన్' మీటకు ఆధారం ఇదే. వాద్యం ధ్వనిని రెండు స్పీకర్లకీ సమానంగా పంచితే మధ్యలో ఉన్నట్టుంటుంది. ఒకవైపు ఎక్కువిస్తే అటు జరుగుతుంది.

సినిమాలో నటుడు ఒకపక్క, గొంతు మరోపక్క ఉండటం నచ్చని ఇంగ్లండ్ ఇంజినీరు అలన్ బ్లూమ్‌లీన్ 1931లోనే స్టీరియో ధ్వనికి పేటెంటు కోరాడు. 1940లో వచ్చిన డిస్నీ 'ఫాంటాసియా' కోసం ధ్వనిని స్పీకర్ల మధ్య నడిపించే మీటను తయారుచేశారు. ఆరు ట్రాకుల స్టీరియోతో వచ్చిన తొలి తెలుగు 70 ఎంఎం చిత్రం 1986 నాటి కృష్ణ 'సింహాసనం'.

వాద్యాలను సర్దడానికీ ఓ పద్ధతుంది. గొంతు, బేస్ గిటారు, పెద్ద డ్రమ్ము మధ్యలోనే ఉంచుతారు. అప్పుడు బరువైన మోతను రెండు స్పీకర్లూ కలిసి మోస్తాయి. ఒకే స్థాయిలో మోగే రెండు వాద్యాలు ఒకేచోట ఉంటే ఒకదాన్నొకటి మింగేస్తాయి. చెరోపక్కకీ జరిపితే రెండూ బతుకుతాయి. కర్ణాటక కచేరీలో గాయకుడికి ఓ పక్క వయొలిన్, మరో పక్క మృదంగం కూర్చున్నట్టే అన్నమాట!

అతి చేస్తే మాత్రం ముప్పే. తిరునాళ్ల మైక్‌సెట్‌కి ఒకవైపు ధ్వని మాత్రమే అందితే, పూర్తిగా రెండోపక్కకు నెట్టిన వాద్యం మాయమవుతుంది. ఒక్క చెవే పనిచేసేవారికీ అదే ఇబ్బంది. అందుకే అనుభవమున్న ఇంజినీర్లు రెండువైపులనీ కలిపేసి, మోనోలోనూ ఓసారి విని చూస్తారు.

వినేవాళ్ల చేతిలోనూ ఓ ఉపాయం ఉంది. చాలా స్మార్ట్‌ఫోన్లలో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో 'మోనో ఆడియో' ఉంటుంది. అది ఆన్ చేస్తే రెండు పక్కల వాద్యాలూ ఒకే చెవికి అందుతాయి. ఇంట్లో ఒక చెవి వినపడని తాతయ్యో అమ్మమ్మో ఉంటే ఈరోజే పెట్టివ్వండి... ఇన్నాళ్లూ సగమే విన్న పాట, పూర్తిగా వింటారు!