గుణింతం వచ్చు... చదవడం రాదు!

"కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ..." మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు, మూడో తరగతి పిల్ల, రాగం తీస్తూ క గుణింతం మొత్తం గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పేసింది. తల్లి మొహం వెలిగిపోయింది. "నాలాగా వేలిముద్ర కాకూడదమ్మా" అని అప్పోసప్పో చేసి ట్యూషన్ కూడా పెట్టించింది మరి! నేను కథల పుస్తకం తీసి 'కీలుగుర్రం' అన్న మాట మీద వేలు పెట్టాను. పిల్ల కళ్లు పైకెత్తి, పెదాలు కదుపుతూ మళ్లీ మొదటినుంచీ అందుకుంది. క, కా, కి, కీ... అక్కడికొచ్చి ఆగింది. అంటే ఆ అక్షరాన్ని గుర్తుపట్టలేదు. లెక్కపెట్టుకుంటూ చేరుకుంది!

ఇలాంటి పిల్లల్ని మొద్దులని తీసిపారేస్తాం. కానీ మన లిపి ఎంత పని చెబుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? అక్షరాలు 56 అంటాం గానీ, ప్రతి హల్లుకీ గుణింతం కలిపితే నాలుగు వందలకు పైగా రూపాలు. అందులోనూ తిరకాసులు. అన్నిటికీ పక్కనుంచి వచ్చే కొమ్ము 'పు', 'వు'లకి కిందనుంచి వస్తుంది. లేకపోతే 'వు' కాస్తా 'మ' అయిపోతుంది. 'కొ'లో ఒత్వం ఉంటుంది, 'మొ'లో ఎత్వానికి కొమ్ము తగిలిస్తాం. ఇక ఒత్తులు సరేసరి. గ, ద, బ ఒత్తులు తల్లి పోలికే. త, న, మ, య, ర, ల ఒత్తులకి తల్లితో పోలికే ఉండదు. తమాషా ఏమిటంటే అమ్మ, అన్న, అత్త, అయ్య... పిల్ల నోట్లో రోజూ ఆడే మాటలన్నీ ఈ పోలిక లేని ఒత్తులవే. బళ్లో ఒత్తుల వంతు వచ్చేది అన్నిటికన్నా చివర!

మాకు తెలిసిన పంతులమ్మ ఒకావిడ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటీ రెండు తరగతులు చూస్తారు. ఆవిడ అ, ఆలతో మొదలుపెట్టరు. ల, వ, త, ప, క... ఈ అయిదూ ముందు. వీటితోనే తల, వల, కల, పలక, కలప వచ్చేస్తాయి. "మొదటి వారంలోనే పిల్లాడు ఓ మాట చదివి, అది ఏమిటో బొమ్మ గీస్తాడండీ. అర్థం తెలిశాక ఇక వాణ్ణి ఆపలేం" అంటారు. మా పిల్ల సంగతి చెబితే, గుణింతాక్షరాలు విడివిడిగా చీటీల మీద రాసి, కలిపేసి, ఏది తీస్తే అది చదివించమన్నారు. రాగం లేకుండా! రెండు నెలలు పట్టింది. ఇప్పుడు కూడబలుక్కుంటూ చదువుతోంది. అది తప్పేం కాదట గానీ, అక్కడే ఆగిపోకూడదట. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతే చదివిందానికి అర్థం ఏముంటుంది? నాలుగో తరగతి నుంచీ లెక్కా, పరిసరాల విజ్ఞానం, అన్నీ చదువుకునే నేర్చుకోవాలి. అక్కడ తడబడిన ఆడపిల్ల పేరు హాజరుపట్టీలో ఎన్నాళ్లుంటుందో చెప్పనక్కర్లేదు. మూడో తరగతికల్లా ధారాళంగా చదవడం రావాలని 2021లో కేంద్రం 'నిపుణ్ భారత్' మొదలుపెట్టింది. తెలంగాణలో 2022లో 'తొలిమెట్టు' వచ్చింది. మంచిదే. కానీ ఒకే టీచరు అయిదు తరగతులు చూసే బళ్లలో, ఎన్నికలనీ జనాభా లెక్కలనీ ఆ ఒక్కరినీ తిప్పితే ఏ మెట్టు ఎక్కిస్తారు?

రాయడం సంగతి మరీ అన్యాయం. చూచిరాత ముత్యాల్లా ఉంటుంది. "మీ ఇంటి గురించి నాలుగు మాటలు రాయి" అంటే పెన్సిలు కదలదు. ఆ పంతులమ్మ పిల్లలు చెప్పిందే బోర్డు మీద రాస్తారు. "మా మేకకి రెండు పిల్లలు పుట్నయ్" అంటే 'పుట్నయ్' అనే! చూడ్డానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన భాష పాడవుతోందని కోప్పడ్డారట. సవర పిల్లలకి సవరలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి గారైతే కోప్పడేవారు కాదేమో.

మరో పని కూడా చేస్తారావిడ. రోజూ ఒక్కొక్కరిని "నీకేం మాట కావాలి?" అని అడిగి, అట్టముక్క మీద రాసి చేతికిస్తారు. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకి పాఠాలు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ ఇలాగే చేసేదట. 1963లో అచ్చయిన 'టీచర్' అనే పుస్తకంలో రాసింది. ఇంట్లో మనమూ చెయ్యచ్చు, పాత క్యాలెండరు అట్టలు చాలు. నేను వెళ్లిన రోజు అమ్మ, కోడి, బిర్యానీ అడుగుతారనుకున్నాను. ఒకటో తరగతి మగపిల్లలు ముగ్గురు కూడబలుక్కున్నట్టు అడిగిన మాట 'జేసీబీ'. ఏత్వం, రెండు గుడిదీర్ఘాలు. వాచకంలో ఆ పాఠం ఇంకా చాలా దూరంలో ఉంది. మర్నాటికల్లా గోడమీద, గచ్చుమీద, చేతులమీద కూడా రాసేశారట!