డిస్క్ గుప్తీకరణ

కంప్యూటరు హార్డుడిస్కు, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు వంటి నిల్వ సాధనాలలోని సమాచారాన్ని, తాళంచెవి లేనివారికి అర్థం కాని రూపంలోకి మార్చి ఉంచే పద్ధతిని డిస్క్ గుప్తీకరణ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) అంటారు. సాధనం పోయినా, దొంగల పాలైనా, అందులోని ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, బ్యాంకు వివరాలు పరుల కంట పడకుండా చూడడం దీని ఉద్దేశం.

ఆవశ్యకత

కంప్యూటరు తెరవగానే అడిగే సంకేతపదమే (పాస్‌వర్డ్) తమ ఫైళ్ళను కాపాడుతుందని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. ఆ సంకేతపదాన్ని అడిగేది ఆపరేటింగ్ సిస్టం అనే కావలివాడు. గుప్తీకరించని హార్డుడిస్కును ఊడదీసి మరొక కంప్యూటరుకు తగిలిస్తే అక్కడ ఆ కావలివాడు ఉండడు. ఫైళ్ళన్నీ యథాతథంగా కనబడతాయి. తొలగించామనుకున్న ఫైళ్ళు సైతం తరచుగా బయటపడతాయి.

2006 మే నెలలో అమెరికా మాజీ సైనికుల శాఖ ఉద్యోగి ఇంటినుండి ఒక ల్యాప్‌టాప్, దానితోపాటు ఒక హార్డుడిస్కు దొంగిలించబడ్డాయి. సుమారు 2.65 కోట్లమంది వివరాలు అందులో గుప్తీకరణ లేకుండా ఉన్నాయి. మరుసటి నెలలో అవి దొరికాయి గాని, అంతవరకు అంతమందికీ ఆందోళన తప్పలేదు. 2007 అక్టోబరులో బ్రిటన్ రెవెన్యూ శాఖ మరొక కార్యాలయానికి పంపిన రెండు సీడీలు దారిలో మాయమయ్యాయి. పిల్లల భత్యం పొందే కుటుంబాలకు చెందిన 2.5 కోట్లమంది పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, బ్యాంకు ఖాతాల వివరాలు వాటిలో ఉన్నాయి. సీడీలకు సంకేతపదం ఉంది, గుప్తీకరణ లేదు. ఈ రెండింటికీ గల భేదం విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది. నవంబరు 20న ఆర్థికమంత్రి అలిస్టర్ డార్లింగ్ ఈ విషయాన్ని పార్లమెంటులో ప్రకటించారు. శాఖాధిపతి పాల్ గ్రే రాజీనామా చేశారు.

పనిచేసే విధానం

డిస్కు సెక్టర్లు అనే చిన్న భాగాలుగా విభజించబడి ఉంటుంది. ఒక్కొక్క సెక్టరు పరిమాణం 512 లేదా 4096 బైట్లు. సమాచారం డిస్కుకు చేరేముందు గుప్తీకరించబడుతుంది, చదివేటప్పుడు తిరిగి మామూలు రూపానికి వస్తుంది. వాడుకరికి ఇదంతా తెలియదు. ఇందుకు ఎక్కువగా వాడే పద్ధతి ఏఈఎస్. బెల్జియం దేశీయులు యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించిన ఈ పద్ధతిని అమెరికా 2001లో ప్రమాణంగా స్వీకరించింది. ఒకే వాక్యం డిస్కులో రెండుచోట్ల ఉంటే రెండూ ఒకేలా కనబడి గుట్టు బయటపడవచ్చు. అందుచేత సెక్టరు సంఖ్యను కూడా లెక్కలో కలుపుతారు.

మనం ఇచ్చే సంకేతపదంతో డిస్కు నేరుగా గుప్తీకరించబడదు. కంప్యూటరు యాదృచ్ఛికంగా ఒక పెద్ద సంఖ్యను సృష్టిస్తుంది. అసలు తాళంచెవి అదే. ఆ తాళంచెవిని ఒక చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకు మన సంకేతపదంతో తాళం వేసి, డిస్కులోనే ఒకచోట ఉంచుతారు. కనుకనే సంకేతపదం మార్చడానికి క్షణం చాలు. డిస్కునంతా తిరిగి వ్రాయనక్కరలేదు. ఆ చిన్న పెట్టె చెడిపోతే మాత్రం, సంకేతపదం తెలిసినా డిస్కు తెరుచుకోదు. సంకేతపదాలను వరుసగా ఊహించి చూసేవారిని అడ్డుకొనేందుకు ప్రతి ప్రయత్నానికీ వేలసార్లు గణన జరిగేలా ఏర్పాటు ఉంటుంది. అయినా పుట్టినతేదీని సంకేతపదంగా పెట్టుకొన్నవారిని ఏ గణితమూ కాపాడలేదు.

సాఫ్టువేర్లు

విండోస్‌లో బిట్‌లాకర్, మాక్‌లో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్ ప్రసిద్ధమైనవి. 2004లో వెలువడిన ట్రూక్రిప్ట్‌ను దాని రూపకర్తలు 2014 మేలో అకస్మాత్తుగా నిలిపివేశారు. దాని ఆధారంగా 2013లో మొదలైన వెరాక్రిప్ట్ ఉచితంగా లభిస్తున్నది. కొన్ని కొత్త విండోస్ కంప్యూటర్లలో వాడుకరి కోరకుండానే గుప్తీకరణ మొదలవుతుంది. 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య ఎక్కడ ఉన్నదో తెలియనివారు మరమ్మతు సమయంలో తమ ఫైళ్ళకు తామే దూరమవుతారు. ఆ సంఖ్యను కాగితంపై వ్రాసి వేరుచోట దాచుకోవడం మంచిది.

పరిమితులు

కంప్యూటరు తెరచి ఉన్నంతసేపూ తాళంచెవి మెమరీలో ఉంటుంది. విద్యుత్తు ఆపిన కొద్ది క్షణాలవరకు దానిని మెమరీనుండి రాబట్టవచ్చునని 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. తెరచి ఉన్న కంప్యూటరులో చొరబడిన వైరస్‌ను గుప్తీకరణ ఆపలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా! డిస్కు పాడైతే గుప్తీకరణ ఆదుకోదు గనుక వేరొక ప్రతి ఉంచుకొనవలసినదే, ఆ ప్రతిని కూడా గుప్తీకరించవలసినదే. పెన్‌డ్రైవ్‌లలో, ఎస్ఎస్‌డీలలో పాత సమాచారం పైకి కనబడకుండా మిగిలిపోవచ్చు. కాబట్టి అవి కొత్తగా ఉన్నప్పుడే, ఫైళ్ళు ఎక్కించకముందే గుప్తీకరించాలి.

భారతదేశంలో సమాచార సాంకేతికత చట్టం 69వ సెక్షను ప్రకారం, నిర్దేశిత కారణాలపై అధికారులు గుప్త సమాచారాన్ని విప్పి చూపమని ఆదేశించవచ్చు. సహకరించనివారికి ఏడేళ్ళవరకు జైలుశిక్ష, జరిమానా విధించే అవకాశం ఉంది.