ధాపా గుట్ట, ఢిల్లీ లెక్క

పార్లమెంటులో శాతాలకున్న గౌరవం సభ్యులకు కూడా లేదు. ఏ రాష్ట్రంలో ఎన్ని వార్డులలో తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తున్నారని ఒక సభ్యుడు అడుగుతాడు. మంత్రిగారు ఒక పట్టికను సభాసమక్షంలో ఉంచుతారు. అంకె నూటికి చేరువగా ఉంటే అందరూ సంతోషిస్తారు. వేరు చేశామంటున్న డబ్బాలో నిజంగా ఏమున్నదో ఎవరైనా తూచి చూశారా అని అనుబంధ ప్రశ్న వేసిన సభ్యుడు, ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న ఇన్నేళ్లలో నాకు తారసపడలేదు.

ఆ తూకం ఎట్లా వేస్తారో ఇటీవల కలకత్తాలో చూశాను. (2001లోనే అది కోల్‌కతా అయినా నా తరం వారి నోరు ఇంకా తిరగదు.) అక్కడి 144 వార్డులలో ఆకుపచ్చ డబ్బా తడికి, నీలి డబ్బా పొడికి అన్నది నియమం. నీలి డబ్బాల చెత్తను షెడ్డులో గచ్చు మీద పోసి, పారలతో కలియబెట్టి, గుండ్రంగా సర్ది నాలుగు భాగాలు చేస్తారు. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలను తొలగించి, మిగిలిన రెంటినీ మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేస్తారు. చేతికి లొంగే పరిమాణం వచ్చేవరకు ఇదే వరస. ఆ పిదప కాగితం, అట్ట, గట్టి ప్లాస్టిక్, పలుచని సంచులు, గాజు, లోహం వేరువేరు బుట్టలలోకి ఏరి తూస్తారు. ఏ బుట్టకూ చెందనిది కల్తీ. దాని బరువు మొత్తంలో ఎంతో కట్టి చూస్తే శాతం వస్తుంది.

చిక్కు అక్కడే మొదలవుతుంది. చేపల పులుసు పీల్చుకున్న అట్టపెట్టె అట్టయా, కల్తీయా? అట్ట అని రాసుకుంటే వార్డుకు మంచి పేరు. కొనే వ్యాపారి మాత్రం దానిని ముట్టడు. టీ తాగి పారవేసిన మట్టి పిడత పొడిదే, కాని ఎవరికీ కొరగాదు. ఒక్క పిడత బరువు ఎన్నో పలుచని సంచులకు సమానం. వేసవిలో కొబ్బరి బోండాలు, దుర్గాపూజ దాటితే పందిళ్ళ అలంకరణలు. ఒక సోమవారం ఒక సంపన్న వీధిలో తీసిన నమూనాతో నగరం గురించి మాట్లాడడం, ఒక్క బూత్ లెక్కించి ఎన్నిక ఫలితం ప్రకటించడం వంటిది.

2004–05లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోరగా నాగపూర్‌లోని నీరీ సంస్థ 59 నగరాల చెత్తను పరీక్షించింది. తిరిగి వాడుకకు పనికివచ్చే సరుకు హైదరాబాదులో 21.60 శాతం, విశాఖలో 24.20, విజయవాడలో 17.40, కలకత్తాలో కేవలం 11.48. వంగీయులు కాగితాలు తక్కువ చదువుతారని ఎవరూ అనరు కదా! నాకు తోచిన కారణం వేరు. కలకత్తా గృహస్థు కాగితాన్నీ సీసానూ డబ్బాలో వేయడు, వీధిలో కేకవేసే పాతకాగితాలవాడికి అమ్ముతాడు. అట్లా అమ్ముడుపోయినది చెత్తను తూచిన లెక్కకు అందదు. తక్కువ అంకె వెనుక నగర పాలనలో లోపం కాదు, పేదవాని శ్రమ ఉండవచ్చు.

ఈ అంకెలు కాగితానికే పరిమితం కావు. అదే పరీక్షలో కలకత్తా చెత్త ఉష్ణశక్తి కిలోకు 1201 కిలోకేలరీలు, హైదరాబాదు చెత్తకు 1969. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలేమో, తిరిగి వాడుకకు రాని చెత్తలో 1500, ఆపైన ఉన్నదానిని గుట్టలో పూడ్చరాదనీ, ఇంధనంగా వాడాలనీ అన్నవి. ఏ చెత్త కాలుతుందో, ఎవరికి కాంట్రాక్టు దక్కుతుందో నిర్ణయించేది ఆ గచ్చు మీది పార. మన రాజధానికి ఇందులో అనుభవం లేకపోలేదు. 1980 దశకం చివర తిమార్‌పూర్‌లో డెన్మార్క్ పరిజ్ఞానంతో చెత్తను కాల్చి విద్యుత్తు తీసే కర్మాగారం కట్టారు. ఢిల్లీ చెత్తలో ఆశించిన వేడి లేకపోయింది. కొద్ది రోజులకే పొయ్యి ఆరిపోయింది.

సొంత చెత్తను ఇంత శ్రద్ధగా చూడని మనకు చైనా సంగతి వింతగా కనిపించవచ్చు. పరదేశాల నుంచి వచ్చే పనికివచ్చే చెత్తలో కల్తీ నూటికి అరపాలు మించరాదని అది 2018లో కట్టడి చేసింది. అంతవరకు తాము వేరుచేసినది శుభ్రమైనదేనని నమ్ముకున్న అమెరికా, ఐరోపా నగరాల గోదాములలో బేళ్ళు పేరుకుపోయాయి. ఇక్కడ హరిత ట్రిబ్యునల్ 2022 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్‌పై 3,500 కోట్ల రూపాయల పరిహారం విధించింది. మరుసటి నెలలో తెలంగాణ వంతు సుమారు 3,800 కోట్లు. మురుగునీటితో పాటు చెత్త విషయంలోనూ ఉత్పత్తికి, శుద్ధికి మధ్య గల అంతరమే అందుకు ఆధారం. అంతరాన్ని కొలిచే తూకం సరిగా లేకపోతే కోట్లకు అర్థమేమిటి?

కలకత్తాలో నన్ను కలవరపరచినది నీలి డబ్బా కాదు, ఆకుపచ్చ డబ్బా. నగరపు చెత్తకుప్ప ధాపా, తూర్పు కలకత్తా చిత్తడి నేలలలో ఉన్నది. 2002లో అంతర్జాతీయ రామ్సార్ జాబితాకెక్కిన 12,500 హెక్టార్ల ప్రాంతం అది. పంతొమ్మిదవ శతాబ్ది నుంచి ఆ చెత్త ఎరువు మీదనే కాలీఫ్లవర్, ఆకుకూరలు పండించి నగరానికి అమ్ముతున్నారు. చెత్త ఎరువులో సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మించరాదని నియమం. టార్చిలైటు పాత బ్యాటరీ ఏ డబ్బాలో పడిందన్నది ఆ పొలాలకు చిన్న ప్రశ్న కాదు. నేను చూసిన షెడ్డులో తూకం నీలి డబ్బాలకే వేశారు. ఆకుపచ్చ డబ్బాల బండి తూకం లేకుండానే ధాపా దారి పట్టింది.