రాగి సంగటి - నాటుకోడి పులుసు

రాగి సంగటి - నాటుకోడి పులుసు రాయలసీమ ప్రాంతమునకు, ముఖ్యముగా చిత్తూరు, తిరుపతి పరిసరాలకు చెందిన ప్రసిద్ధ విందు భోజనము. ఉడికిన బియ్యములో రాగిపిండిని కలిపి గట్టిగా కెలికి చేసిన ముద్దను సంగటి అంటారు. పెరటిలో తిరిగి పెరిగిన దేశవాళీ కోడి మాంసమును మసాలా ముద్దతో ఎక్కువసేపు ఉడికించి చేసిన చిక్కని కూరను నాటుకోడి పులుసు అంటారు. ఈ రెండూ వేర్వేరు వంటకాలే అయినప్పటికీ, ఇంటికి చుట్టాలు వచ్చినపుడు గానీ, పండుగలకు గానీ కలిపి వడ్డించడము ఈ ప్రాంతపు ఆచారము.

పేర్లు

సంగటికి ప్రాచీన రూపము సంకటి. రాయలసీమలో దీనిని సంగటి, ముద్ద అని పిలుస్తారు. కన్నడ దేశములో ముద్దె అని, తమిళనాడులో కళి అని వ్యవహరిస్తారు. చిత్తూరు ప్రాంతము ఈ రెండు రాష్ట్రాల సరిహద్దులోనూ ఉన్నందున మూడు భాషల వంట పద్ధతులు ఇక్కడ కలిశాయి. రాగులను ఉత్తరాంధ్రలో చోళ్ళు అని, తెలంగాణాలో తైదలు అని అంటారు. రాగి మొక్క శాస్త్రీయ నామము ఎల్యుసైన్ కొరకానా.

నాటు అనగా ఇక్కడ స్థానికమైనది, ఊరిలోనిది అని అర్థము. కోళ్ళ ఫారములలో పెంచే బ్రాయిలర్ కోడి నుండి వేరు చేసి చెప్పడానికి నాటుకోడి అనే మాట వాడుకలోనికి వచ్చింది.

చరిత్ర

రాగి పంట పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికాలోని ఎత్తైన ప్రాంతాలు. అక్కడి నుండి కొన్ని వేల సంవత్సరాల క్రితమే భారతదేశమునకు చేరింది. తక్కువ వర్షపాతములో, సారము తక్కువగా ఉన్న ఎర్రనేలలలో కూడా పండుతుంది. ఎండిన గింజలకు పురుగు సులభముగా పట్టదు. అందువలన సంవత్సరాల తరబడి నిలువ ఉంచి కరవు కాలములో వాడుకొనేవారు. చెరువులు నిండితేనే వరి పండే రాయలసీమలో ఈ గుణము చాలా విలువైనది.

వరికి, చిరుధాన్యాలకు మధ్యనున్న తారతమ్యము సాహిత్యములో కూడా కనబడుతుంది. 15వ శతాబ్దమునకు చెందిన శ్రీనాథుని పేరిట ప్రచారములో ఉన్న చాటు పద్యాలలో పలనాటి జొన్న భోజనముపై విసుగు వినబడుతుంది. కన్నడ కవి కనకదాసు రచించిన రామధాన్య చరితె అనే కావ్యములో వరి, రాగి తమలో ఎవరు గొప్ప అని వాదించుకొంటాయి. తీర్పు చెప్పవలసిన రాముడు రెండింటినీ ఆరు నెలలు బంధించి ఉంచగా, వరి చెడిపోయి, రాగి చెక్కుచెదరక నిలిచి గెలుస్తుంది. బియ్యము కలవారి ఆహారముగా, రాగి పేదల ఆహారముగా ఉన్న సమాజములో ఈ కథకు ప్రత్యేక అర్థమున్నది.

సుమారు రెండు తరాల క్రితము వరకు చిత్తూరు ప్రాంతములోని మెట్ట గ్రామాలలో సంగటి ప్రతిదినమూ తినే ఆహారము. దానికి తోడుగా చెనిక్కాయల ఊరుబిండి, ఆకుకూర, పచ్చిపులుసు వంటివి ఉండేవి. వరి అన్నము పండుగనాడు వండుకొనేవారు. కోడిని కోయడము కూడా అరుదే, ఎందుకనగా గుడ్లు పెట్టే కోడి ఇంటికి చిన్నపాటి ఆదాయము. కాబట్టి ఇంటికి వచ్చిన అల్లుని కొరకు కోడిని కోసినారంటే అది నిజమైన మర్యాద.

1983లో ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పథకమును ప్రారంభించిన తరువాత పేదల ఇళ్ళకు కూడా వరి అన్నము నిత్యాహారముగా చేరింది. ఆకలి తగ్గింది. అయితే అదే సమయములో రాగుల వాడకము కూడా తగ్గుతూ వచ్చింది. మెట్ట భూములలో వేరుశనగ, ఆ తరువాత టమాటా, మామిడి వంటి వ్యాపార పంటలు విస్తరించడము మరొక కారణము. ఈ విధముగా ఒకప్పటి నిత్యాహారమైన సంగటి నేడు ప్రత్యేక విందుగా మారగా, ఒకప్పటి విందు అయిన వరి అన్నము నిత్యాహారముగా మారింది.

తినే సందర్భాలు

సంక్రాంతి మరుసటి రోజైన కనుమ పండుగనాడు మాంసాహారము తినే కుటుంబాలలో ఈ భోజనము సాధారణము. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, ఆ చుట్టుపక్కల గ్రామాలలో జరిగే గంగమ్మ జాతరల సమయములో బంధువులను పిలిచి విందు చేస్తారు. అమ్మవారికి అంబలి సమర్పించడము కూడా ఈ జాతరలలో ఉన్నది. అంబలి కూడా రాగిపిండితో చేసినదే.

తిరుమల కొండపై మాంసాహారము పూర్తిగా నిషిద్ధము. కావున ఈ భోజనము కొండ క్రింద ఉన్న తిరుపతి పట్టణములోని భోజనశాలలలోను, పరిసర గ్రామాలలోను మాత్రమే దొరుకుతుంది. శనివారము వేంకటేశ్వరునికి ప్రీతికరమైన దినమని భావించే అనేక కుటుంబాలు ఆ రోజున మాంసము వండవు. అందువలన ఆదివారము ఈ విందుకు అనువైన రోజుగా స్థిరపడింది.

కావలసిన పదార్థాలు

క్రింది కొలతలు నలుగురికి సరిపోతాయి.

సంగటికి:
- బియ్యము లేదా నూకలు - 1 గ్లాసు
- రాగిపిండి - 2 గ్లాసులు
- నీళ్ళు - 7 నుండి 8 గ్లాసులు
- ఉప్పు - తగినంత

పులుసుకు:
- నాటుకోడి మాంసము - 1 కిలో
- ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) - 2
- టమాటాలు - 2
- అల్లము, తెల్లగడ్డల (వెల్లుల్లి) ముద్ద - 2 పెద్ద చెంచాలు
- ఎండు కొబ్బరి - 50 గ్రాములు
- గసగసాలు - 2 చిన్న చెంచాలు
- ధనియాలు - 2 పెద్ద చెంచాలు
- ఎండు మిరపకాయలు - 8 నుండి 10
- మిరియాలు, జీలకర్ర - ఒక్కొక్క చిన్న చెంచా
- చెక్క - చిన్న ముక్క, లవంగాలు - 4
- చింతపండు - చిన్న ఉసిరికాయంత
- వేరుశనగ నూనె - 4 పెద్ద చెంచాలు
- పసుపు, ఉప్పు, కరివేపాకు, కొత్తిమీర - తగినంత

పులుసు తయారుచేయు విధానము

కోడి ఈకలు తీసిన తరువాత మంటపై కాల్చి, పసుపు రాసి, కడిగి, తోలు తీయకుండా చిన్న ముక్కలుగా కొడతారు. తోలులోని కొవ్వు పులుసుకు రుచిని ఇస్తుంది. ముక్కలకు పసుపు, ఉప్పు, సగము అల్లము తెల్లగడ్డల ముద్ద పట్టించి అరగంట ఉంచాలి.

ధనియాలు, మిరపకాయలు, మిరియాలు, జీలకర్ర, చెక్క, లవంగాలను సన్నని సెగపై వేయించాలి. చివరలో గసగసాలు, కొబ్బరి చేర్చి రంగు మారగానే దించాలి. ఇవి త్వరగా మాడుతాయి, మాడితే పులుసు చేదెక్కుతుంది. చల్లారిన తరువాత కొద్దిగా నీళ్ళు చేర్చి మెత్తగా రుబ్బాలి.

మట్టి కుండలో గానీ, మందమైన గిన్నెలో గానీ నూనె కాచి కరివేపాకు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు వేసి దోరగా వేయించాలి. మిగిలిన అల్లము తెల్లగడ్డల ముద్ద వేసి పచ్చివాసన పోయిన తరువాత మాంసము వేసి, నీరు ఊరి ఇంకిపోయే వరకు కలుపుతూ ఉండాలి. తరువాత టమాటా ముక్కలు వేసి మెత్తబడ్డాక, ముక్కలు మునిగేటట్లు వేడినీళ్ళు పోసి మూత పెట్టి సన్నని సెగపై ఉడికించాలి. లేత కోడికి సుమారు గంట, ముదురు కోడికి గంటన్నర లేదా అంతకంటె ఎక్కువ పడుతుంది. కుక్కరులో అయితే 5 లేక 6 కూతలు సరిపోతాయి.

ముక్క మెత్తబడిన తరువాతనే రుబ్బిన మసాలా, చింతపండు పులుసు చేర్చి మరొక 15 నిమిషాలు ఉడికించాలి. మసాలా ముద్దను ముందే వేస్తే గిన్నె అడుగున అంటుకొని మాడుతుంది. పైన నూనె తేలగానే కొత్తిమీర చల్లి దించాలి.

సంగటి తయారుచేయు విధానము

బియ్యమును అరగంట నానబెట్టి, కొలిచిన నీళ్ళలో ఉప్పు వేసి మెత్తగా ఉడికించాలి. అన్నము ఉడికినప్పటికీ గిన్నెలో ఇంకా నీరు ఉండాలి. ఆ దశలో రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా, తెడ్డు కాడతో కుప్ప మధ్యలో రంధ్రము చేసి మూత పెట్టాలి. సన్నని సెగపై 8 నుండి 10 నిమిషాలలో రంధ్రము గుండా ఆవిరి పైకి వచ్చి పిండి ఉడుకుతుంది. పిండిని వేసిన వెంటనే కలిపితే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

తరువాత గిన్నెను దించి, కదలకుండా పట్టుకొని, చెక్క తెడ్డుతో బలముగా కెలకాలి. ఉండలు లేకుండా, తెడ్డును అంటుకొని ఒకే ముద్దగా వచ్చే వరకు కెలకడము ఈ వంటలో ముఖ్యమైన పని. చేతిని తడి చేసుకొని వేడిగా ఉండగానే ముద్దలు చేయాలి. తడిచేతికి అంటుకోకపోతే సంగటి సరిగా ఉడికినట్లు గుర్తు.

తినేటపుడు ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి గానీ, పులుసు గానీ పోస్తారు. చిన్న ముద్దను తుంచి, పులుసులో అద్ది, ఎక్కువగా నమలకుండా మింగడము అలవాటు. సంగటి చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి పులుసు సిద్ధమైన తరువాతనే సంగటి కెలుకుతారు.

పాశ్చాత్య విందుతో పోలిక

ఐరోపా, అమెరికా దేశాలలో ప్రత్యేక విందుకు వండే స్టేక్ అనే మాంసపు వంటకముతో దీనిని పోల్చవచ్చు. స్టేక్‌కు పశువు శరీరములో తక్కువగా కదిలే భాగము నుండి మెత్తని మాంసమును మందమైన ముక్కగా కోస్తారు. దానిని అధిక వేడిపై కొద్ది నిమిషాలు మాత్రమే కాల్చి, కొన్నిసార్లు మీగడలో జున్నును కరిగించి చేసిన చిక్కని సాస్‌ను పైన పోస్తారు. నాటుకోడి విషయములో పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధము. తిరిగి మేత వెదుక్కొనే కోడి కండరాలలో కొల్లాజెన్ అనే గట్టి పదార్థము బలముగా అల్లుకొని ఉంటుంది. తడి వేడిలో ఎక్కువసేపు ఉడికినపుడే అది జెలటిన్‌గా మారి మాంసము మెత్తబడుతుంది, పులుసు చిక్కబడుతుంది. బ్రాయిలర్ కోడి సుమారు ఆరు వారాలలోనే కోతకు వస్తుంది కనుక దానిని ఇంతసేపు ఉడికిస్తే పీచులుగా విడిపోతుంది.

మీగడ, జున్ను చేసే పనిని ఇక్కడ కొబ్బరి, గసగసాలు చేస్తాయి. వాటిలోని నూనె, పిప్పి కలిసి పులుసుకు కమ్మదనమును, చిక్కదనమును ఇస్తాయి. సంయుక్త అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా, సింగపూరు వంటి దేశాలలో గసగసాలు నిషిద్ధము. అక్కడ నివసించే తెలుగువారు జీడిపప్పు గానీ, వేయించిన వేరుశనగ గానీ వాడుకోవచ్చు. ప్రయాణములో గసగసాలను వెంట తీసుకొనిపోరాదు.

పోషక విలువలు, అపోహలు

100 గ్రాముల రాగులలో సుమారు 340 నుండి 360 మిల్లీగ్రాముల కాల్షియము ఉంటుంది. బియ్యము, గోధుమ వంటి ధాన్యాలు ఏవీ ఇందుకు దరిదాపులలో లేవు. పీచు పదార్థము కూడా బియ్యము కంటె ఎక్కువ. అయితే రాగులలోని ఫైటేట్, టానిన్ అనే పదార్థాలు ఇనుము, కాల్షియము శరీరానికి పట్టకుండా కొంత అడ్డుపడతాయి. గింజలను మొలకెత్తించి పిండి చేస్తే ఈ దోషము తగ్గుతుంది. మాంసముతో కలిపి తిన్నపుడు ధాన్యములోని ఇనుము మరింత బాగా ఒంటబడుతుంది.

మధుమేహము ఉన్నవారు సంగటిని ఎంతైనా తినవచ్చుననే అభిప్రాయము ప్రచారములో ఉన్నది. ఇది సరికాదు. రాగిలో కూడా మూడింట రెండు వంతులు పిండి పదార్థమే. మెత్తని పిండిని బియ్యముతో కలిపి ఉడికించిన ముద్ద రక్తములో చక్కెరను పెంచుతుంది. కావున పరిమాణము చూసుకొని తినడము అవసరము. రోజంతా పొలములో పని చేసినవారికి సరిపోయిన ముద్ద, కూర్చొని పని చేసేవారికి ఎక్కువ అవుతుంది.

ప్రస్తుత స్థితి

ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరముగా ప్రకటించింది. తిరుపతి సమీపములోని పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధన స్థానము రాగులపై పరిశోధన చేస్తున్నది. వకుళ, తిరుమల అనే రాగి రకాలు ఇక్కడ రూపొందినవే. 2022లో చిత్తూరు జిల్లాను విభజించి తిరుపతి జిల్లాను ఏర్పరచినప్పటికీ, భోజనపు అలవాట్లలో ఈ రెండు జిల్లాలూ ఒకటే.

హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాలలోని రాయలసీమ భోజనశాలలలో ఈ వంటకము నేడు ప్రత్యేక ఆకర్షణ. ధర కూడా సాధారణ భోజనము కంటె ఎక్కువగానే ఉంటుంది. అయితే ఆదరణ భోజనశాలకే పరిమితమైతే పంట నిలువదు. ఇళ్ళలో వారానికి ఒకటి రెండు పూటలైనా సంగటి వండితేనే మెట్ట రైతుకు రాగి సాగు గిట్టుబాటు అవుతుంది. సంగటి కెలికే నేర్పు కూడా తరువాతి తరానికి అందుతుంది.