తలనొప్పికి మెడ ఎందుకు నొక్కుతారు?

‘అమ్మకు నొప్పి తలలో ఉంటే ఫిజియోథెరపీ మేడమ్ మెడ నొక్కుతారెందుకు?’ అని జి.కొండూరు పిల్లవాడొకడు అడిగాడు. చాలా మంచి అనుమానం.

ముందు ఆ నొప్పి సంగతి చూద్దాం. తల చుట్టూ బిగించి కట్టినట్టు రెండు వైపులా పట్టేస్తుంది. పోట్లు ఉండవు, వాంతి రాదు, నడిస్తే పెరగదు. దీన్ని టెన్షన్ తలనొప్పి అంటారు. నొప్పి మెదడులోది మాత్రం కాదు. మెదడుకు నొప్పి తెలిసే నరాలే లేవు.

పెద్దవాళ్ల తల బరువు దాదాపు 5 కిలోలు. నిటారుగా ఉంటే ఆ బరువు వెన్నుపూసల మీద నిలుస్తుంది. తల ముందుకు వంగితే మెడ వెనక కండరాలు దాన్ని లాగి పట్టుకోవాలి. నిండు బిందెను చంకన పెట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా! కొండపల్లిలో తెల్ల పొణికి బొమ్మలకు కళ్లు దిద్దేవారు, నందిగామ వైపు కల్లాల్లో మిర్చి తాలుకాయలు ఏరే ఆడవాళ్లు, కుట్టుమిషను ముందు కూర్చునేవారు గంటల తరబడి ఆ బరువు మోస్తూనే ఉంటారు. ఫోను చూసేవాళ్లూ అంతే. క్రమంగా కండరాలు బిగిసి, నొక్కితే నొచ్చే ముడులు కడతాయి.

మరి నొప్పి నుదుటికెలా ఎక్కింది? మెడ పైభాగం నరాలూ, నుదురు, కణతల నుంచి వచ్చే నరమూ వెన్నుపాము పైకొసలో ఒకేచోట కలుస్తాయి. అక్కడి నుంచి కబురు అందినప్పుడు, అది మెడదో నుదుటిదో మెదడు సరిగా పోల్చుకోలేదు. అందుకే మెడ బాధ నుదుట తెలుస్తుంది. ఇది నెలల తరబడి సాగితే ఆ కూడలే సున్నితమైపోయి, చిన్న బిగువూ పెద్ద నొప్పి అనిపిస్తుంది.

అందుకని మేడమ్ వేడి కాపడం పెట్టి, పుర్రె కింది కండరాలను నెమ్మదిగా నొక్కి సడలిస్తారు. హాయి వెంటనే తెలుస్తుంది, కానీ నిలిచేది వ్యాయామం వల్లే. తల వంచకుండా గడ్డాన్ని వెనక్కి జరిపి, 5 సెకన్లు ఆపి వదలాలి. ఇలా 10 సార్లు, రోజూ. మెడ ముందువైపు లోపలి కండరాలు బలపడి, వెనకవాటి భారం తగ్గుతుంది. ఇందుకు వారాలు పడుతుంది. అమ్మ మధ్యలో మానకుండా పక్కనే నువ్వూ చెయ్యి.

క్షవరం చేయించుకున్నాక మెడ విరిపించుకోవడం మాత్రం వద్దు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు మెడ ఎముకల గుండా పోతాయి. అవి చిరిగితే పక్షవాతం రావచ్చు. నొప్పి మాత్రలూ నెలలో 15 రోజులు వేసుకుంటూ పోతే, వాటివల్లే తలనొప్పి రావచ్చు. ఎన్నడూ లేనంత నొప్పి హఠాత్తుగా వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, చేయి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.