రోడ్రీ ఎవరో తెలుసా? పేరు లేని నంబర్ వన్ మిడ్‌ఫీల్డర్

ఫుట్‌బాల్ అప్పుడప్పుడు మాత్రమే చూసే మీ ఫ్రెండ్‌ని బెల్లింగమ్ తెలుసా అని అడగండి. తెలుసంటాడు, రెండు చేతులూ చాచి ఆ సెలబ్రేషన్ కూడా చేసి చూపిస్తాడు. రోడ్రీ తెలుసా అంటే మాత్రం "ఎవరు?" అంటాడు. ఇద్దరూ మిడ్‌ఫీల్డర్లే. 2024 బాలన్ డోర్‌లో బెల్లింగమ్‌ది మూడో ప్లేస్, రోడ్రీది మొదటిది.

అది కూడా ఈజీగా రాలేదు. రోడ్రీకి 1170 పాయింట్లు, రెండో ప్లేస్‌లో ఉన్న వినీసియస్‌కి 1129. వినీసియస్‌కి రావట్లేదని తెలిసి రియల్ మాడ్రిడ్ వాళ్లు పారిస్ ఫంక్షన్‌కే రాలేదు. రోడ్రీ మోకాలి గాయంతో, ఊతకర్రల మీద స్టేజ్ ఎక్కాడు.

మరి పేరెందుకు లేదు? ఒకటి, 2024లో ఆ అవార్డు వచ్చేనాటికి అతనికి సోషల్ మీడియా అకౌంట్లే లేవు. విల్లారియల్‌కి ఆడే రోజుల్లో స్టూడెంట్ హాస్టల్లో ఉండి బిజినెస్ డిగ్రీ చదువుకున్నాడు, సెకండ్ హ్యాండ్ కారు నడిపేవాడు. రెండోది అసలు కారణం, అతను చేసే పని. టీమ్ అంతా అటాక్‌కి వెళ్తే అతను వెనకాల ఆగుతాడు. బాల్ పోతే ఎక్కడ పడుతుందో ముందే అక్కడికి చేరుకుంటాడు. ప్రమాదం పుట్టకముందే ఆగిపోయిందంటే దానికి హైలైట్స్ ఏముంటాయి చెప్పండి? నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్లు చూసుకునే వాళ్ల పరిస్థితీ ఇదే. అన్నీ సవ్యంగా నడిచినన్నాళ్లూ వాళ్ల పేరు ఎవరికీ గుర్తుండదు. (యూఐ చేసిన నాకు మాత్రం డెమోలో చప్పట్లు పడేవి!)

గోల్స్ లేవని కాదు. 2023 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఇంటర్ మీద ఉన్న ఒకే ఒక్క గోల్ అతనిదే. కానీ నాకు నచ్చే లెక్క వేరే. 2023 ఫిబ్రవరి నుంచి 2024 మే వరకు, అతను ఆడిన 74 మ్యాచుల్లో, షూటౌట్లు పక్కనపెడితే, మాంచెస్టర్ సిటీ ఒక్కటి కూడా ఓడలేదు. 2023-24 లీగ్‌లో సిటీ ఓడింది మూడు మ్యాచులు. వుల్వ్స్, ఆర్సెనల్, విల్లా. మూడింటిలోనూ రోడ్రీ లేడు.

2024 సెప్టెంబర్‌లో, మ్యాచులు మరీ ఎక్కువైపోతున్నాయి, ప్లేయర్లం సమ్మెకి దగ్గర్లో ఉన్నామని చెప్పాడు. అంతకుముందు సీజన్లో క్లబ్‌కీ దేశానికీ కలిపి 60కి పైగా ఆడినవాడు. సరిగ్గా ఐదు రోజులకి, ఆర్సెనల్ మీద ఆడుతుంటే మోకాలి లిగమెంట్ తెగింది. ఆ తర్వాత సిటీ వరసగా ఐదు మ్యాచులు ఓడింది. నాలుగేళ్లు వరసగా గెల్చిన లీగ్‌లో మూడో ప్లేస్‌కి పడింది. మిగతావాళ్ల గాయాలూ ఉన్నాయి, అంతా ఇతను లేకపోవడం వల్లే అనను. కానీ మిడిల్‌లో ఆ ఖాళీ మాత్రం ప్రతి మ్యాచ్‌లో కనిపించేది.

వీలైతే 2023-24లో ఏదో ఒక సిటీ మ్యాచ్ తీసి, ఒక పది నిమిషాలు బాల్‌ని వదిలేసి 16వ నంబర్‌నే చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.