ఈతకొలనుకు వయసు మీద పడితే

అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో యేల్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి వ్యాయామశాల పేన్ విట్నీ జిమ్నాజియంని బయటినుంచి చూసినవాళ్లు పెద్ద చర్చి అనే అనుకుంటారు. వాషింగ్టన్‌లోని జెఫర్సన్ స్మారకాన్ని రూపొందించిన జాన్ రస్సెల్ పోప్ దీనికీ రూపకర్త. 1932లో పూర్తయింది. మూడో అంతస్తుకు వెళితే అక్కడ 50 మీటర్ల ఈతకొలను! వందల టన్నుల నీటిని ఆ భవనం తొంభై ఏళ్లకు పైగా నడుమ్మీద బిడ్డను ఎత్తుకున్నట్టు మోస్తూ వస్తోంది.

అదే భవనంలో పోటీల కొలను వేరే ఉంది. దానికి రాబర్ట్ కిఫుత్ పేరు పెట్టారు. ఆయన శిక్షణలో యేల్ జట్టు 528 పోటీలు గెలిచి 12 మాత్రమే ఓడింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచిన డాన్ షోలాండర్ యేల్ విద్యార్థే. కానీ ఆ కొలను పొడవు 25 గజాలు, లేన్లు ఆరు. ఇప్పటి పెద్ద పోటీలకు కనీసం ఎనిమిది లేన్లు కావాలి. గోడలు ఎంత గట్టివైనా, అవసరాలు ఆ గోడల్ని దాటిపోయాయి.

యేల్ సంగతి గొప్పది కాబట్టి చెప్పాను. విశ్వవిద్యాలయాల్లో యాభై, అరవై ఏళ్ల కిందట కట్టిన మామూలు కొలనులు ఎన్నో ఉన్నాయి. వాటి ముసలితనం కంటికి కనిపించదు, అసలు చిక్కు అక్కడే. నీళ్లు నీలంగా మెరుస్తుంటాయి, టైల్స్ తెల్లగా ఉంటాయి. జబ్బు మాత్రం అడుగున పూడ్చిన పైపుల్లో, పంపుగదిలో, పైకప్పులో ముదురుతుంటుంది. బాగుచేయాలనుకున్న ప్రతిసారీ అధికారుల చెయ్యి ముందు టైల్స్ మీదికే పోతుంది, ఎందుకంటే ఫొటోలో పడేవి అవే.

కొలను కారుతోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక బకెట్ చాలు. దాన్ని కొలను నీళ్లతో నింపి, నీళ్లలో మునిగిన మెట్టు మీద నిలబెడతారు. బకెట్ లోపల నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో, బయట కొలను నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో రెండు గీతలు గీస్తారు. ఇరవై నాలుగు గంటలయ్యాక చూస్తారు. ఆవిరయ్యేది రెండింటిలోనూ ఒకటే. బకెట్‌లో కంటే కొలనులో ఎక్కువ తగ్గితే, ఆ తేడా అంతా ఎక్కడికో కారిపోయినట్టే. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ఉన్న కొలనులో ఒక్క మిల్లీమీటరు తగ్గితే 1,250 లీటర్లు పోయినట్టు లెక్క. నాలుగు మిల్లీమీటర్లంటే 5,000 లీటర్లు. ఎండాకాలం హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాళ్లు ఎదురుచూసే ట్యాంకర్ ఉంటుంది చూడండి, అంత నీరు. వేడిచేసి, వడకట్టి, మందు కలిపిన నీరు రోజూ అంత మట్టిలోకి పోతుందన్నమాట.

పోయిన నీరు ఊరికే పోదు. క్లోరైడు కలిసిన తడి కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుప కడ్డీలను చేరుతుంది. ఇనుము తుప్పు పట్టిందంటే ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగులుతుంది, పెచ్చులూడుతుంది, పగుళ్లలోంచి మరింత నీరు దిగుతుంది. ఇంత జరుగుతుంటే పైన కొత్త టైల్ అతికించడం గాయం కడగకుండా కట్టు కట్టడమే.

ఇక వాసన. తలుపు తీయగానే ముక్కు పుటాలదిరే ఘాటు వస్తే, "అబ్బ, క్లోరిన్ బాగా వేశారు, నీళ్లు శుభ్రంగా ఉన్నట్టున్నాయి" అనుకుంటాం. నిజం దాదాపు తలకిందులు. శుభ్రమైన నీటిలోని క్లోరిన్‌కు అంత వాసన ఉండదు. చెమట, మూత్రం, ఒంటి మురికితో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరమిన్లు పుడతాయి. వాటిలో ట్రైక్లోరమిన్ గాలిలోకి లేచి సరిగ్గా నీటిమట్టం పైన పొరలా నిలుస్తుంది. ఈదేవాళ్లు తల పక్కకు తిప్పి గాలి పీల్చేది అక్కడే. కళ్లు మండటం, దగ్గు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం, అన్నీ దాని పనే. పాత భవనాల్లో గాలి తోడే గొట్టాలు ఎక్కడో పైన ఉండటంతో నీటి మీది పొర కదలదు. కొత్త పద్ధతిలో నీటి అంచునే గాలిని లాగేస్తారు. నీటిని అతినీలలోహిత కాంతి గుండా పంపితే క్లోరమిన్లు విరిగిపోతాయి. సరిగ్గా క్లోరిన్ వేసిన నీటిలో సైతం వారానికి పైగా బతకగల క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమికీ ఆ కాంతే మందు.

ఇదే గాలి పైకప్పును కూడా తింటుంది. స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో 1972లో ఒక ఇండోర్ కొలను తెరిచారు. కాంక్రీటు సీలింగును స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో వేలాడదీశారు. తుప్పు పట్టని ఉక్కు అనే కదా దాని పేరు! 1985 మే 9న ఆ సీలింగు మొత్తం నీళ్లలోకి కూలింది. 12 మంది చనిపోయారు. కొలనుల గాలిలోని క్లోరైడ్లు, కడ్డీ మీది బరువు కలిస్తే ఆ ఉక్కు లోలోపలే సన్నగా చీలుతుంది, పైకి పెద్దగా తుప్పు కనబడదు. ఆ భవనం వయసు పదమూడేళ్లే. అది తెలిశాక కూడా, 2011లో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో ఒక కొలను పైకప్పుకు బిగించిన లౌడ్‌స్పీకర్ ఊడిపడి పసిబిడ్డ ప్రాణం తీసింది. అక్కడా స్టెయిన్‌లెస్ స్టీలే.

పాత కొలనుల్లో అందరికీ చోటు లేదన్న మాట కూడా చెప్పాలి. నిట్టనిలువు నిచ్చెన తప్ప దిగే దారి ఉండదు. 2010లో సవరించిన అమెరికా వికలాంగుల చట్టం ప్రమాణాలు లిఫ్టు గానీ వాలు దారి గానీ ఉండాలన్నాయి.

ఇంత ఖర్చు ఎందుకు, మూసేసి ఆ స్థలంలో ఇంకేదైనా కట్టుకోవచ్చు కదా అనేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. మన ఊళ్లలో ఒకప్పుడు నడుముకు బెండు కట్టి బావిలోకి తోస్తే ఈత వచ్చేసేది. ఆ బావులు పూడిపోయాయి. మన దేశంలో ఏటా ముప్పై వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. చిన్నప్పుడు ఈత రాని మనిషికి అది నేర్చుకోవడానికి మిగిలిన చివరి మజిలీ విశ్వవిద్యాలయమే. ఆ తర్వాత ఉద్యోగం, సంసారం, సిగ్గు అడ్డొస్తాయి. అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థులకు ఈత పరీక్ష ఇప్పటికీ ఉంది. అలాంటి చోట కొలను కూడా లైబ్రరీలాగే చదువులో భాగం.

కాబట్టి బాగుచేయాలి, వరస తప్పకుండా చేయాలి. మొదట పైకప్పు కడ్డీలు, తర్వాత గాలి, ఆపైన పైపులు, వడపోత. లేన్లు పెంచాలా, లోతు పెంచాలా అన్నది ఆ తర్వాతి మాట. టైల్స్ అన్నిటికంటే చివర.

2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్‌లో కట్టిన గచ్చిబౌలి కొలనుకు కూడా ఇరవై ఏళ్లు దాటాయి. అమెరికాలోనైనా ఇక్కడైనా మీ పిల్లలు ఈదడానికి వెళ్లే చోట ఈసారి పంపుగది చూపించమని అడగండి. పైకప్పును చివరిసారి ఎవరు, ఏ సంవత్సరంలో పరీక్షించారో కాగితం చూపించమనండి.